చైనా నుంచి వచ్చిన కూర్మనాథుడు

ఆ సోమవారం ఉదయం వెంకటరత్నం వేసుకున్న పథకంలో ముచ్చటగా మూడే పనులు. స్నానం చేయాలి. ఊర్మిళ పెట్టిన ఉప్మా తినాలి. తొమ్మిదిన్నరకల్లా రాయపూర్ శివార్లలో ధర్సీవా దగ్గరున్న మిల్లుకు వెళ్ళి, పదకొండింటికి బ్రోకరు వచ్చి సంతకాలు చేయించుకునే లోపల, తన రిపోర్టు సేఠ్‌జీ చేతిలో పెట్టాలి. ఇంత చిన్న పథకంలో పాడవడానికి ఏముంటుందని మీరనుకోవచ్చు. పాపం, ఆయనా అలాగే అనుకున్నాడు.

వెంకటరత్నం రోలింగు మిల్లులో ఫోర్‌మన్. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మెల్ని రెండు రోలర్ల మధ్య నలిపి కడ్డీలుగా సాగదీసే మిల్లు అది. ఆ రోలర్లను పట్టి ఉంచే ఉక్కు చట్రాన్ని స్టాండు అంటారు. సేఠ్‌జీకి చైనాలో ఒక పాత స్టాండు చవగ్గా తగిలింది. "వెళ్ళి చూసి రా రత్నం భాయ్" అని పది రోజుల కిందట విమానం ఎక్కించాడు. వెంకటరత్నం వెళ్ళాడు, చూశాడు. చట్రానికి దట్టంగా వేసిన కొత్త రంగు చూడగానే ఆయనకు అనుమానం వచ్చింది. మూలన రంగు గీకించి, కిరసనాయిలు పూసి, తుడిచి, పైన సుద్దపొడి చల్లి కూర్చున్నాడు. పావుగంటకు తెల్లటి సుద్ద మీద జానెడు పొడవున నల్లటి గీత తేలింది. పగులు. ముప్పై ఏళ్ళుగా ఆయన చేస్తున్న పని అదే, పగుళ్ళను చదవడం.

ఫోనులో చెబితే సేఠ్‌జీ కొట్టిపారేశాడు. "బ్రోకరు అది గీత అంటున్నాడు భాయ్. ఎక్కడో గీరుకుపోయిందట." తొమ్మిదేళ్ళ కిందట మిల్లులో ఇలాంటి "గీత" ఒకటి తెరుచుకోబట్టే సత్తిరాజనే పనివాడికి మోకాలి కింద కాలు పోయింది. ఇప్పుడీ స్టాండు వస్తే దాని పక్కన రోజూ నిలబడేది క్రేను నడిపే జోగయ్యా, మరో అయిదుగురూ. అందుకే వెంకటరత్నం ఫోటోలు అతికించి, కొలతలు వేసి, నాలుగు పేజీల రిపోర్టు రాశాడు. అది నలిగిపోకుండా, చైనాలో కొన్న ఒక బొమ్మ తాలూకు గట్టి అట్టపెట్టెలో అడుగున పరిచి తెచ్చాడు.

స్నానం అయింది. ఉప్మా అయింది. సూట్‌కేసు తెరిస్తే అట్టపెట్టె లేదు.

"ఏమే, ఎర్ర మఖమల్ గుడ్డ వేసిన పెట్టె ఒకటుండాలి, చూశావా?"

"అత్తయ్యగారిని అడగండి. తెల్లారగట్లే లేచి తలకు పోసుకున్నారు. నాకేం తెలీదు" అంది ఊర్మిళ, పొయ్యి మీద నుంచి చూపు తిప్పకుండా. పాతికేళ్ళ కాపురంలో వెంకటరత్నం నేర్చుకున్నదేమంటే, ఊర్మిళకు ఏమీ తెలియదంటే అంతా తెలుసనీ, జరగాల్సింది ఈపాటికి జరిగిపోయిందనీ.

దేవుడి గది గుమ్మంలో ఆయన కాళ్ళు ఆగిపోయాయి. పీట మీద అట్టపెట్టె. పెట్టె మీద మఖమల్ గుడ్డ. గుడ్డ మీద నిటారుగా నిలబెట్టిన తాబేటి డిప్ప బొమ్మ. దానికి పసుపు, నిలువు నామం, తులసిమాల. రిపోర్టు అన్నిటికన్నా అడుగున, సింహాసనంలో భాగమై కూర్చుంది.

"అమ్మా! నా డబ్బా ఎందుకు తీశావే?"

రమణమ్మ చెంపలు వాయించుకుంది, కొడుకు తరఫున. "సామిని డబ్బా అంటావేటిరా? లెంపలేసుకో ముందు!"

"స్వామేంటే? అది బొమ్మ. దుకాణంలో కొన్నాను. రెసిన్ పోత!"

"రాత్రి నువ్వే సెప్పినావు గదరా, ఈ తాబేలు పలుకుతాదని. పోయినోళ్ళు దీంట్లోంచే జవాబు సెప్తారని. మన కూర్మనాదుడు గాకపోతే ఇంకెవులు?"

రమణమ్మది శ్రీకూర్మం పక్క పల్లె. ప్రపంచంలో తాబేలు రూపంలో ఉన్న స్వామి తమ ఊరి పక్కనే ఉన్నాడన్నది ఆవిడ జీవితంలోని పెద్ద గర్వం. పోయినవాళ్ళకు చేసే కార్యాలన్నీ ఆ స్వామి ఎదుటి కోనేటి దగ్గరే జరుగుతాయి. రైల్వే ఫిట్టర్ పెళ్ళామై రాయపూర్ వచ్చాక ఆవిడ ఆ గుడికి వెళ్ళింది మూడంటే మూడుసార్లు. మోకాళ్ళు పట్టేశాక అదీ లేదు. అలాంటి మనిషి ముందు తాబేలూ పితృదేవతలూ అని కొడుకు గంటసేపు చెబితే, ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని వింది. అమ్మకు చైనా ఇంత బాగా అర్థమైందేమిటా అని వెంకటరత్నం మురిసిపోయాడు కూడా.

మురిసిపోడా మరి! తనకు అర్థం కావడానికే ఒక రోజంతా పట్టింది. పని మధ్యలో ఒక ఆదివారం ఖాళీ దొరికితే, దుభాషిగా వచ్చిన అమ్మాయి ఆయన్ని ఆన్‌యాంగ్ అనే ఊరికి రైల్లో తీసుకువెళ్ళింది. ఆ ఊళ్ళో యిన్‌దూ అని ఒక పేట. దిగి చూస్తే అచ్చం రాయపూర్‌లో తాముండే టాటీబంధ్. అవే లారీలు, అవే అపార్టుమెంట్లు, దూరంగా చిమ్నీ పొగ. ఇందుకా ఇంత దూరం తెచ్చావు తల్లీ అనుకున్నాడు. ఆ రోడ్ల పక్కనే, జొన్న చేల అడుగున, మూడు వేల పైచిలుకు ఏళ్ళ నాటి రాజధాని పడుకుని ఉంది. గోతిలోకి తొంగి చూస్తే రథం, దానికి కట్టిన రెండు గుర్రాల ఎముకలు. చక్రం చెక్క ఎప్పుడో మట్టైపోయింది, కాని ఆ మట్టే చక్రం ఆకారాన్ని ఆకులతో సహా పట్టి ఉంచింది. ఎనిమిది వందల కిలోల పై బరువున్న కంచు పాత్ర నమూనా ముందు వెంకటరత్నం అరగంట నిలబడ్డాడు. క్రేను లేదు, కొలిమి వేడి చూసే మీటరు లేదు, అంత లోహాన్ని అచ్చులో ఎలా పోశారయ్యా మహానుభావులు! తెలియకుండానే ఆయన చేతులు జోడించాడు. కాపలావాడు కాస్త అనుమానంగా చూశాడు.

అసలు విషయం తాబేటి డిప్పల దగ్గర తెలిసింది. రాజుగారికి పన్ను నొప్పి వస్తే, ఏ తాతకు కోపం వచ్చిందని డిప్పను అడిగేవారట. వాన పడుతుందా, పంట వస్తుందా, రాణిగారికి సుఖప్రసవమవుతుందా, అన్నీ అడిగేవారట. డిప్ప వెనక చిన్న గుంట తొలిచి, కాలిన కడ్డీ ఆనిస్తే, చిటుక్కుమని పగులు పడేది. ఆ పగులు చూసి జవాబు చెప్పేవారు. చెప్పిందీ రాసేవారు, తరవాత నిజంగా ఏం జరిగిందో అదీ దాని పక్కనే చెక్కేవారు. వెంకటరత్నం ఆ డిప్పల మీదికి వంగాడు. వేడి, పగులు, రిపోర్టు! అది తన ఉద్యోగం! మూడు వేల ఏళ్ళ కిందట ఎవడో తనలాంటివాడే కూర్చుని పగుళ్ళు చదివి, చదివింది రాసిపెట్టాడు. పదిహేడు వేల ముక్కలు ఒకే గోతిలో దొరికాయట. వాటి మధ్య ముడుచుకుని ఒక మనిషి అస్థిపంజరం. ఆ రాతల్ని కాపాడే గుమాస్తా అయి ఉంటాడని అంటారు. బయటికొస్తూ వెంకటరత్నం దుకాణంలో డిప్ప నమూనా కొన్నాడు, మిల్లులో తన బల్ల మీద పెట్టుకుందామని.

ఇప్పుడది బల్ల మీద లేదు, పీట మీద ఉంది.

"సరేనే అమ్మా, స్వామే అనుకో. అడుగున నా కాగితాలున్నాయి. ఒక్కసారి ఎత్తు."

"ఆవాహన సేసేసినాను. మద్దేన్నం నైవేద్దిం అయ్యి, ఉద్వాసన సెప్పీదాకా కదపగూడదు."

ఆయన మెల్లగా గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చాడు. హారతి గరిటె మణికట్టు మీద ఠప్పున పడింది. యాభై రెండేళ్ళ ఫోర్‌మన్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడే పక్కింటి దాలమ్మ కరివేపాకు కోసం వచ్చింది. వచ్చిన పని మరిచి గుమ్మంలోనే బిగుసుకుపోయింది. "ఓలమ్మో! ఈ సామి ఎవులు పిన్నీ?"

రమణమ్మ చెప్పింది. తాబేలు, చైనా, రాజు, పన్ను నొప్పి, పోయినవాళ్ళ జవాబులు, ఏదీ వదల్లేదు. దాలమ్మ వెంటనే చెంగు నడుముకు దోపింది. "అయితే ఓపాలి అడిగి సూడవే పిన్నీ. మా అల్లుడికి బిలాస్‌పూర్ నుంచి ఇక్కడికి ట్రాన్స్‌ఫర్ అవుద్దా?"

వెంకటరత్నం ఇక్కడ నోరు మూసుకుని ఉంటే కథ ఇంతటితో ముగిసేది. కాని తాను కళ్ళారా చూసివచ్చిన మహత్తరమైన సంగతిని ఇంత అడ్డదిడ్డంగా చేస్తుంటే ఆయన ప్రాణం ఊరుకోలేదు. "అలా అడగరు అక్కా! అవుతుందని ఒకసారి, కాదని ఒకసారి, రెండు రకాలా అడగాలి. అప్పుడు చూడాలి ఎటు పలుకుతుందో."

"సూసినావా, పద్దతి కూడా నేర్సుకొచ్చినాడు!" అంది రమణమ్మ గర్వంగా. రెండు రకాలా అడిగింది. కర్పూరం వెలిగించింది. మంట కుడిపక్కకు వాలింది. "అవుద్దంతన్నాడు సామి."

పది నిమిషాల్లో దాలమ్మ ఫోను మోగింది. అల్లుడే. ఆర్డరు వచ్చేసిందట. ఆర్డరు రెండు రోజుల కిందటే వచ్చిందనీ, అత్తగారికి హఠాత్తుగా చెబుదామని దాచాడనీ అతను చెబుతూనే ఉన్నాడు. వినడానికి దాలమ్మ అక్కడుంటే కదా! సందు చివరిదాకా వెళ్ళిపోయింది, గొంతు ఇంకా ముందు వెళ్ళింది.

తొమ్మిదయ్యేసరికి గుమ్మం ముందు ముప్పై జతల చెప్పులు. ఎదురింటి ఛత్తీస్‌గఢీ ముసలమ్మ కొబ్బరికాయతో వచ్చింది. ఊరవతల మందిర్ హసౌద్ నుంచి ఎవరి తోడికోడలో ఆటో కట్టించుకుని వచ్చింది. ఊర్మిళ రెండో దఫా చాయ్ పెడుతూ, "పాలు అయిపోయాయి. అది కూడా అడగమంటారా మీ తాబేలుని?" అంది.

తొమ్మిదింబావుకు జోగయ్య మోటారు సైకిలు మీద వచ్చాడు. రోజూ వెంకటరత్నాన్ని మిల్లుకు ఎక్కించుకెళ్ళేది అతనే. "చలో ఉస్తాద్, లేటైపోతంది!"

"రిపోర్టు లేకుండా వచ్చి ఏం చెయ్యను జోగయ్యా? దేవుడి కింద ఇరుక్కుంది. నువ్వన్నా మా అమ్మకు చెప్పు."

జోగయ్య చెప్పడానికే లోపలికి వెళ్ళాడు. బయటికి వచ్చేసరికి నుదుట బొట్టుంది, చేతిలో ప్రసాదముంది. "నా కొత్త మోటార్ సైకిల్ లోన్ గురించి అడిగినాను ఉస్తాద్. పక్కా శాంక్షన్ అంట!" ఆలస్యం ఎందుకైందో మిల్లుకు ఫోను చేసి చెప్పాడు కూడా, ఉన్నది ఉన్నట్టు: ఉస్తాద్ చైనా నుంచి పలికే దేవుణ్ణి తెచ్చాడనీ, ఇల్లు దాటే వీలు లేదనీ.

సేఠ్‌జీ సంగతి ఇక్కడ చెప్పాలి. వాస్తు కోసం ఆఫీసు తలుపును మూడుసార్లు మూడు గోడలకు మార్చిన మనిషి ఆయన. ఫోర్‌మన్ రాసిన కాగితానికి లేని విలువ ఆయన దగ్గర రాహుకాలానికి ఉంది. జోగయ్య ఫోను పెట్టేసిన అయిదు నిమిషాలకే వెంకటరత్నం ఫోను మోగింది. "రత్నం భాయ్, మీరు రాకండి. నేనే వస్తున్నా. సంతకం ముందర ఒకసారి దేవుణ్ణి అడిగి పూఛ్‌తాఛ్ చేసుకుంటే మంచిది కదా."

వెంకటరత్నం గోడకు చేరగిలబడ్డాడు. ఇన్నేళ్ళ మర్యాద పోయింది అనుకున్నాడు. ఊర్మిళ పక్కకొచ్చి చెవిలో అంది. "ఎందుకంత దిగులు? అదృష్టం వెతుక్కుంటూ వస్తోంది. కొనొద్దని అత్తయ్యగారి చేత ఒక్క మాట చెప్పించండి. అయిపోయింది."

"ఛీ ఛీ! ముప్పై ఏళ్ళు పగుళ్ళు చూసిన వాణ్ణి, నా కళ్ళతో చూసింది సోదెగా చెప్పించాలా? ఆ యిన్‌దూ వాళ్ళు అబద్ధం చెక్కలేదే. జవాబు తప్పితే తప్పిందనే రాసుకున్నారు."

"అయితే జోగయ్య కాలు పోనివ్వండి, మీ నిజం ఉంచుకోండి" అని చాయ్ గ్లాసులు ఏరుకుంటూ వెళ్ళిపోయింది. ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. గుచ్చుకున్నా మనసొప్పలేదు. ఎలాగైనా రిపోర్టు లాగి సేఠ్‌జీకి చూపిద్దామని గట్టిగా అనుకున్నాడు.

పావు తక్కువ పదకొండుకు సేఠ్‌జీ వచ్చాడు. టాటీబంధ్ చౌక్‌లో కారు ఇరుక్కుపోతే చివరి ఫర్లాంగు నడిచి వచ్చాడు, చేతిలో పూల బుట్టతో, చెమటలు కక్కుతూ. వెనక చంకలో ఫైలుతో బ్రోకరు. జనం దారి ఇచ్చారు. రమణమ్మ కొడుకును పిలిచి గుసగుసగా అడిగింది. "మీ మిల్లు బుగతేనా? పెద్దమనిసికి పెద్ద హారతే ఇవ్వాల." డబ్బాలో ఉన్న కర్పూరమంతా పళ్ళెంలో బోర్లించింది.

సేఠ్‌జీ తాబేలును చూసి కళ్ళు విప్పార్చాడు. "ఎంత పాతది మాయీ?"

"మూడు ఏల ఏళ్ళు బాబూ!"

"పోయిన వారం కొన్నాను సేఠ్‌జీ" అన్నాడు వెంకటరత్నం. ఎవరూ వినలేదు. "సేఠ్‌జీ, దీని అడుగున నా రిపోర్టుంది. నాలుగే పేజీలు. ఆ స్టాండు మూలన..."

"తరవాత, తరవాత! ముందు హారతి." సేఠ్‌జీ చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు. పద్ధతి కూడా దారిలో జోగయ్య ఫోనులో చెప్పేసినట్టుంది, రెండు రకాలా అడిగాడు. "మెషీన్ కొనాలా? మెషీన్ కొనొద్దా?"

రమణమ్మ హారతి ఎత్తింది. గుప్పెడు కర్పూరం భగ్గుమంది. పెద్దమనిషి ఎదురుగా ఉన్నాడన్న భక్తితో మంటను స్వామి ముఖానికి మరీ దగ్గరగా తిప్పింది. ఒకసారి. రెండుసార్లు. మూడోసారికి చిటుక్కుమంది.

గదిలో ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా లేదు. డిప్ప మీద, పైనుంచి కిందికి, నామం పక్కనుంచి ఒక పగులు దిగింది. వెంకటరత్నం ఒక అడుగు ముందుకు వేశాడు. ఎన్ని వేల సార్లు ఆ యిన్‌దూలో ఈ చప్పుడు ఇలాగే వినిపించి ఉంటుంది! ఎంతమంది ఇలాగే ఊపిరి బిగబట్టి ఉంటారు! ప్రసవం కోసం, వాన కోసం, యుద్ధానికి వెళ్ళినవాడి కోసం! తాను కొన్నది బొమ్మే. చప్పుడు మాత్రం బొమ్మది కాదనిపించింది.

"ఓలమ్మో, సామిని పగలగొట్టీసినాను!" రమణమ్మ పళ్ళెం వదిలేసి ఏడుపు లంకించుకుంది. దాలమ్మ పళ్ళేన్ని కాలితో పక్కకు తోసి మంట ఆర్పింది.

సేఠ్‌జీ ముఖం పాలిపోయింది. "రత్నం భాయ్... దీని మతలబ్ ఏమిటి?"

పగులు కనిపిస్తే చదవకుండా ఉండడం వెంకటరత్నం వల్ల కాదు. అలవాటుగా ముందుకు వంగాడు. జేబులోంచి సుద్దముక్క తీసి పగులు వెంట రుద్దాడు, గోటితో మొదలూ చివరా చూశాడు. అబద్ధం ఒక్క ముక్క కలపలేదు.

"ఇది ఇప్పుడు పుట్టిన పగులు కాదు సేఠ్‌జీ. పోత పోసినప్పుడే ఇదిగో, ఈ మూల లోపల గాలి బుడగ ఉండిపోయింది. పైన రంగు వేస్తే కనపడలేదు. వేడి తగిలేదాకా మంచిగానే ఉంది. తగలగానే తెరుచుకుంది. నేను చూసిన స్టాండులోనూ ఇంతే. ఈ మూలే. రంగు కిందే. మన మిల్లు వేడికి ఎన్నాళ్ళు ఆగుతుందో నేను చెప్పలేను. తెరుచుకున్న రోజు పక్కన ఎవరుంటారో మాత్రం చెప్పగలను." జోగయ్యను చూపించాడు.

బ్రోకరు ముందుకు వచ్చాడు. "అరే సేఠ్‌జీ, చెప్పాను కదా, ఆ స్టాండు మీదున్నది ఉత్త గీత..."

సేఠ్‌జీ మెల్లగా తల తిప్పి, నిలువునా విచ్చుకున్న కూర్మనాథుణ్ణి చూపించాడు. "మరి ఇదీ గీతేనా?"

బ్రోకరు ఫైలు మూశాడు. జోగయ్య తన రెండు కాళ్ళ వంకా చూసుకున్నాడు.

స్వామి పగిలాక ఇంక ఉద్వాసనకు అడ్డేముంది! వెంకటరత్నం డిప్పను పక్కన పెట్టి, మఖమల్ గుడ్డ తొలగించి, పసుపునీళ్ళకు తడిసిన రిపోర్టు తీసి యజమాని చేతికిచ్చాడు. "ఇందులో అంతా రాశాను సేఠ్‌జీ. ఫోటోలున్నాయి. ఒక్కసారి చదవండి."

సేఠ్‌జీ రెండు చేతులా అందుకున్నాడు. పసుపు మరకలు చూశాడు. భక్తిగా రెండు కళ్ళకూ అద్దుకుని, ఒక్క పేజీ తిప్పకుండా తిరిగి ఇచ్చేశాడు. "దేవుడి దగ్గరే ఉంచండి భాయ్. ఇలాంటివి ఆఫీసులో పెట్టకూడదు." వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగి, ఇక మీదట మిల్లులోకి ఏ యంత్రం రావాలన్నా ముందు తాబేలుకు చూపించాలనీ, రత్నం భాయ్ కూడా వెంట ఉంటే మంచిదేననీ అన్నాడు.

జనం పలచబడ్డాక రమణమ్మ ఇంకా పీట ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. వెంకటరత్నం పక్కన చతికిలబడ్డాడు.

"ఏడవకే. అక్కడ ఎవరూ ఏడ్చేవాళ్ళు కాదు. పగలడం కోసమే ఎదురుచూసేవాళ్ళు. పగలని డిప్ప ఏమీ చెప్పనట్టే."

"అయితే నా సేతిలో పలికినాడంతావా?"

కాదనడానికి వెంకటరత్నం నోరు తెరిచాడు. వంటింటి గుమ్మంలో ఊర్మిళ ఆయన వంకే చూస్తోంది. బయట జోగయ్య బండి స్టార్టు చేస్తూ, రెండు కాళ్ళ మీదా నిలబడి, ఏదో హిందీ పాట ఈల వేస్తున్నాడు.

"నీ చేతిలోనే పలికాడే అమ్మా" అన్నాడు. మధ్యాహ్నం ఇంట్లో ఉన్న జిగురు రాసి డిప్పను అతికించాడు. రమణమ్మ మళ్ళీ పీట మీద నిలబెట్టి, మళ్ళీ ఆవాహన చేసింది.

రిపోర్టు ఇప్పటికీ దాని అడుగునే ఉంది. ఎవరూ చదవలేదు. వెంకటరత్నానికి తొందరేమీ లేదు, యిన్‌దూ వాళ్ళ రాతలు చదవడానికి మూడు వేల ఏళ్ళు పట్టింది.